ప్రీతి గొంతు, ప్రీతి చేతులు

ప్రీతికి కోపం ఎక్కువని కోరుట్లలో అందరూ అంటారు. ఎందుకమ్మా నీకింత కోపం అని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పేదే. కడుపులో దాచుకోవడం ఆ పిల్లకు పుట్టుకతో రాలేదు. వచ్చిన కోపం వచ్చినట్టే నోటి మీదికి వచ్చేస్తుంది. నోటితో తీరకపోతే చేతుల్లోకి దిగుతుంది. ఎదురుగా బల్ల ఉంటే బల్ల మీద, పళ్లెం ఉంటే పళ్లెం మీద వేళ్లు దరువేస్తూనే ఉంటాయి.

ఆ వేళ్లు నాయనమ్మ చిన్నవ్వ ఇచ్చినవి; ప్రీతి ఆమెను బాపమ్మ అంటుంది. తండ్రి ఏసయ్య మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి పొద్దస్తమానం బీడీలు చుట్టేది, కాబట్టి ప్రీతి పెరిగింది బాపమ్మ కొంగు పట్టుకునే. వాళ్ల వాడ చర్చిలో ఆడవాళ్ల సంఘం ఒకటుండేది, స్త్రీల మైత్రి అనేవారు. వారానికొకసారి మధ్యాహ్నం పూట కూడేవారు. దానికి మగవాళ్లు రారు. మగవాళ్లు రాని చోట డోలక్ ఎవరు వాయించాలి? ఆడవాళ్లే వాయించాలి. చిన్నవ్వ డోలక్ మీద మోకాలు వేసి తొక్కిపట్టి, నోటితో పాట ఎత్తుకుంటూనే చేతులతో దరువు వేసేది. దగ్గు వస్తే పాట ఆపేది గానీ చేతులు ఆపేది కాదు. పాట ఒకరి పని, వాయింపు ఇంకొకరి పని అని లోకంలో ఒక పంపకం ఉందని ప్రీతికి డిగ్రీకి వచ్చేదాకా తెలియదు.

తెలియజెప్పినవాడు ప్రిన్సిపాల్ సారు. జగిత్యాలలో ఆ రోజుల్లో ఒక చిన్న ప్రైవేటు సంగీత కళాశాల ఉండేది. ప్రీతి గొంతు విని అక్కడ చేర్చుకున్నారు. గొంతు అలాంటిది, అందులో అబద్ధం లేదు. తార స్థాయిలో నిలబెడితే బయట రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి కిటికీ వైపు చూసేవారు. కానీ క్లాసులో కూర్చుంటే చేతులు ఊరుకోవే! తొడ మీద తాళం వేయమంటే దరువు వేసేది. సారు బెత్తంతో బల్ల మీద కొట్టి, "తాళం వెయ్యమ్మా, పెళ్లి ఊరేగింపు కాదు" అనేవారు. పిల్లలు నవ్వేవారు. ప్రీతి మొహం ఎర్రబడేది.

ఆ కాలేజీ నిబంధనల్లోనే ఒక వెసులుబాటు ఉంది. కావాలంటే రెండు మెయిన్లు కలిపి చదవొచ్చు, గాత్రంతో పాటు ఒక వాద్యం. ఉందన్న మాటే గానీ అప్పటిదాకా ఎవరూ తీసుకోలేదు. ప్రీతి పోయి గాత్రం, మృదంగం రెండూ కావాలంది.

"గొంతు బాగుంది, పాడుకో తల్లీ. మృదంగం నీకెందుకు? ఒళ్లో మద్దెల పెట్టుకుని నలుగురి ముందు కూర్చుంటే ఆడపిల్లకు ఏం బాగుంటుంది?" అన్నారు సారు.

"మా బాపమ్మ కూసుంటది సార్. మంచిగనే ఉంటది" అంది ప్రీతి.

అది విని సారు నవ్వారు చూడండి, ఆ నవ్వు ప్రీతి ఈనాటికీ మరిచిపోలేదు. అయినా వదల్లేదు. రోజూ పొద్దున ఆయన గది ముందు నిలబడేది. చివరికి ఆయనే విసిగిపోయి ఒక షరతు పెట్టారు. ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్ రెండూ ఒకే విడతలో గట్టెక్కాలి. ఏది తప్పితే అది పోయినట్టే, మళ్లీ రాయడం ఉండదు, మిగిలిన ఒక్కదాంతోనే డిగ్రీ. ప్రీతి సరేనంది. ఏది పోతుందో సారుకు ముందే తెలుసునన్నట్టు ఉంది ఆయన మొహం. ఆడపిల్ల ఎన్నాళ్లు మోస్తుంది ఆ మృదంగాన్ని!

మోసింది. కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో, నిలబడే చోటు లేని రద్దీలో, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మోసింది. వేళ్లు పగిలాయి, మళ్లీ గట్టిపడ్డాయి. ఎడమ మూతికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అతికిస్తే తప్ప మృదంగం గుమ్మని మోగదు గనుక, సంచీలో ఎప్పుడూ రవ్వ డబ్బా ఉండేది. ఉప్మా చేస్తావా అని కండక్టర్లు పరాచికాలాడేవారు. ఇవన్నీ ఆమె పట్టించుకోలేదు. ఆఖరి ఏడాది పరీక్షలకు వచ్చేసరికి ఆమె గొంతు ఎంత పదునుగా ఉందో చేతులూ అంతే పదునుగా ఉన్నాయి.

అప్పుడొచ్చింది సకల జనుల సమ్మె.

బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. వేసవిలో జరగాల్సిన పరీక్షలు అప్పటికే వాయిదాల మీద వాయిదాలు పడి దసరా దాటాయి. ప్రీతి తెలంగాణ వద్దన్న మనిషా? కాదు. కోరుట్లలో నిరాహార దీక్షల టెంటు వేసిన మొదటి రోజే పోయి పాడి వచ్చింది. అక్కడ కూడా ఒక ముక్క కోపం తెచ్చుకుంది. డోలక్ తను వాయిస్తానంటే, "నువ్వు పాడు చెల్లె, వాయించెటోళ్లు మస్తుగున్నరు" అన్నారు. కాలేజీలో సారూ ఆ మాటే, టెంటులో ఉద్యమకారులూ ఆ మాటే. రాష్ట్రం కావాలా వద్దా అన్న దగ్గర ఊరంతా కొట్టుకుంటుంది, ఆడపిల్ల చేతికి డోలక్ ఇవ్వకూడదన్న దగ్గర మాత్రం అందరికీ ఎంత ఐకమత్యమో!

ఇంతలో కబురు వచ్చింది. జగిత్యాలలో కాలేజీ భవనానికి తాళం పడింది కాబట్టి ప్రాక్టికల్స్ సిరిసిల్లలో ఒక సంఘం హాల్లో పెడుతున్నారు. హనుమకొండ నుంచి ఎగ్జామినర్ మేడం ఒక్కరోజు కోసం కారులో వస్తారు. జగిత్యాల పిల్లలను సారు తన జీపులో తీసుకొస్తారు, మిగతావాళ్లు ఎలా వస్తారో వాళ్ల ఇష్టం. ప్రీతి పాడితే పక్కన మృదంగం వాయించడానికి వినోద్ అనే పిల్లాడు, ప్రీతి వాయిస్తే పాడడానికి రాధిక అనే పిల్ల, ఇద్దరూ జగిత్యాల వాళ్లే. వాళ్లు జీపులో వస్తారు. ప్రీతి కోరుట్ల నుంచి సొంతంగా చేరుకోవాలి.

ఏసయ్య పోయి లతీఫుద్దీన్ ఆటో మాట్లాడాడు. లతీఫుద్దీన్ వాళ్ల వీధి చివర ఉండే పెద్దమనిషి, నోరు తక్కువ, ఓపిక ఎక్కువ. ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఇష్టం లేక తోడుగా చిన్నవ్వను ఎక్కించాడు ఏసయ్య. అక్కడే జరిగింది పొరపాటు. చిన్నవ్వ చెడ్డదా? అయ్యో, బంగారం. కానీ మనుమరాలి గురించి చెప్పడం మొదలుపెడితే ఆ నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

తెల్లవారుతూనే బయలుదేరారు. కథలాపూర్ చేరేసరికి రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, దాని చుట్టూ జనం, జెండాలు. రాస్తారోకో. ఆటో ఆగింది.

"యాడికి అవ్వా? ఈ రోడ్డు బందు. మర్లిపోండ్రి" అన్నాడొకడు.

లతీఫుద్దీన్ దిగి బతిమాలేలోపే చిన్నవ్వ తల బయటపెట్టింది. "అట్లనకు బిడ్డా. మా పోరి సంగీతం కాలేజీల సదువుతది. పరీక్షకు పోతున్నం. పాట పాడితే మీరు సుత ఏడుస్తరు, గంత మంచిగ పాడుతది. ఇనుండ్రి కావాలంటే!"

ఇంకేం కావాలి వాళ్లకు? పొద్దటి నుంచి నినాదాలు ఇచ్చి ఇచ్చి విసుగెత్తి ఉన్నారు. "పాడక్కా, పాడక్కా" అని చుట్టూ మూగారు. ప్రీతికి కూడా మొదట సంతోషమే అనిపించింది. దిగి ఒక పాట పాడింది. జనం ఈలలు వేశారు, ఎడ్లబండి పక్కకు జరిపారు. ఆటో కదిలింది.

"సూసినవా? నేను సెప్పవట్టి ఇడిసిన్రు" అంది చిన్నవ్వ, రాజ్యం గెలిచినంత గర్వంగా.

రుద్రంగిలో టైర్లు కాలుతున్నాయి. నల్లటి పొగ రోడ్డు మీద పరుచుకుని ఉంది. అక్కడా చిన్నవ్వ తల బయటపెట్టింది, అక్కడా అదే మాట చెప్పింది. ప్రీతి కొంగు లాగి, "బాపమ్మా, ఊకో" అన్నా వినలేదు. ఈసారి ఒక పాటతో పోలేదు. మైకు లేదు, ఎదురుగాలి, పొగ. వెనకాల ఉన్నవాళ్లకు వినబడడం లేదని గట్టిగా పాడమన్నారు. రెండో పాట మధ్యలో ఉండగా ఆటోలోంచి దబదబా చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే ఒక యువకుడు మృదంగాన్ని బయటికి లాగి, మెడకు తగిలించుకుని, ఎక్కడి నుంచో ఏరిన కట్టెపుల్లతో బాదుతున్నాడు.

"ఓయ్! కట్టెతోని కొడుతవారా దాన్ని? అది డోలు కాదు! నీ చేతులిరిగిపోను, కింద పెట్టు!"

ప్రీతి కేక పెట్టింది. ఆ కేకతోనే గొంతులో ఎక్కడో సన్నగా గీరుకుపోయింది. పొగ లోపలికి పోయి దగ్గు వచ్చింది. యువకుడు బిక్కచచ్చిపోయి, "తెల్వక కొట్టిన అక్కా, కోపం జెయ్యకు" అని మృదంగం ఇచ్చేశాడు. మూతి మీద చర్మం చిరగలేదు, దేవుడి దయ. కానీ ఆటో ఎక్కి కూర్చుని చిన్నగా సరిగమలు అని చూసుకుంటే, పైషడ్జం దగ్గర గొంతు జారిపోయింది.

"ఇగ నీ నోరు తెరిచినవో చూడు!" అంది బాపమ్మతో. "నీ పుణ్యాన నా గొంతు పోతున్నది. ఇంకోసారి సంగీతం కాలేజీ అన్నవంటే ఆటో దిగి నడిచిపోత."

"నేనేమన్న బిడ్డా? మంచిమాటనే సెప్పిన గదా" అంది చిన్నవ్వ, చిన్నబోయి.

చందుర్తిలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. ఆటో ఆగగానే ప్రీతి బాపమ్మ మోకాలి మీద గట్టిగా గిల్లింది. చిన్నవ్వ నోరు విప్పలేదు, పాపం. కానీ లోపల మృదంగం కనబడుతూనే ఉందిగా. అక్కడి కుర్రాళ్లకు పెద్ద దేవేందర్ అనే మనిషి. ఆటోలోకి వంగి చూసి, "కళాకారులా? దొరక్క దొరక్క దొరికిన్రు. దిగుండ్రి, బువ్వ తినుండ్రి, ఒక్క పాట పాడి పోండ్రి" అన్నాడు. మాటలో ఎంత ఆదరణ!

"అన్నా, నాకు పరీక్ష ఉన్నది. గొంతు వస్తలేదు. పోనియ్యుండ్రి" అంది ప్రీతి.

"ఉద్యమం కంటే పరీక్ష ఎక్కువనా చెల్లె?"

ఆ మాటకు ఎవరు ఏం జవాబు చెప్పగలరు? ఔనంటే ద్రోహి, కాదంటే పాడాలి. ప్రీతికి ఒళ్లు మండిపోయింది. "పాటనే కావాల్నా అన్నా? మద్దెల వాయిస్త. మీరు పాడుండ్రి, ఎంతసేపన్న వాయిస్త. చేతులు మంచిగున్నయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దేవేందర్ కూడా నవ్వాడు, మంచిగానే. "ఆడివిల్లవు నువ్వు వాయించుడేంది? మా రాజన్న ఉన్నడు, డప్పు కొడుతడు. నువ్వు పాడు. మీ గొంతులే తెలంగాణ చెల్లె."

పాడింది. వాళ్లు చేతులు జోడించి అడుగుతుంటే, ముసలమ్మలు వచ్చి బుగ్గలు పుణుకుతుంటే, పొమ్మనలేక పాడింది. మొదటి చరణానికే గొంతు చీలింది. వాళ్లకు అదీ బాగుంది, బాధతో పాడుతుందనుకున్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆటో ఎక్కాక ప్రీతి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వేములవాడ దగ్గర వాళ్లను ఎవరూ ఆపలేదు. ఆపినా ఇవ్వడానికి ఏం మిగిలింది కనుక!

"పాన్‌లో వేసుకునే జేష్ఠమధ్ ఉన్నది బిడ్డా, చప్పరించు" అని లతీఫుద్దీన్ జేబులోంచి అతిమధురం ముక్క తీసి ఇచ్చాడు. అంతదూరంలో అతను మాట్లాడిన మాట అదొక్కటే. చిన్నవ్వ మూలకు ఒదిగి కూర్చుని ఏడుస్తోంది. ప్రీతికి ఆమె మీద జాలి రాలేదు. కోపమే వచ్చింది. బాపమ్మ మీద, దేవేందర్ మీద, చేతులు జోడించి అడిగిన ప్రతి మనిషి మీద, అందరికన్నా ఎక్కువగా వద్దని చెప్పి కూడా పాడిన తన మీద.

సిరిసిల్లలో సంఘం హాలు సాంచెలనే మరమగ్గాల షెడ్ల పక్కనే ఉంది. కరెంటు కోత, సాంచెలు ఆగి ఉన్నాయి. హాల్లో ఎగ్జామినర్ మేడం, పెద్దావిడ, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ కూర్చుని ఉన్నారు. సారు తెల్ల లాల్చీ మీద కండువా వేసుకుని ఉన్నారు. ఆయన ఇప్పుడు కళాకారుల జేఏసీలో పెద్ద నాయకుడు. హాలు ఎదురుగా రోడ్డవతల దీక్షా శిబిరం ఉంది, పొద్దటి నుంచి పరీక్షకూ శిబిరానికీ మధ్య తిరుగుతూ, శిబిరంలో నినాదాలు ఇచ్చి వస్తున్నారు. వినోద్ వచ్చాడు. రాధిక రాలేదు, ఈ గొడవల్లో వాళ్ల నాన్న పంపలేదట.

కర్మ చూడండి. ప్రీతి పాడితే వాయించడానికి మనిషి ఉన్నాడు, పాడడానికి గొంతు లేదు. వాయించడానికి చేతులు ఉన్నాయి, పాడడానికి మనిషి లేదు.

"ముందు మృదంగం" అంది ప్రీతి, బొంగురు గొంతుతో.

"ఎవరు పాడతారమ్మా? పాటకు వాయించి చూపించకుండా మార్కులు ఎలా వేస్తాం?" అన్నారు సారు. ఆ మొహంలో విచారం ఎంతుందో, ఊరట అంతకన్నా ఎక్కువుంది.

ప్రీతి వెనక్కి తిరిగింది. "మా బాపమ్మ పాడుతది."

చిన్నవ్వ అదిరిపడింది. సారు నవ్వారు. మళ్లీ అదే నవ్వు. "ఆమె పాడేది సంగీతం అంటారా మేడం?"

"పరీక్ష ఆమెకు కాదు కదా" అన్నారు ఎగ్జామినర్ మేడం. "పాడేవాళ్లు ఎలా పాడినా వాయించేవాళ్లు పట్టుకోవాలి. పాడమనండి."

చిన్నవ్వ చేతులు నులుముకుంటూ చాప మీద కూర్చుంది. "ఏం పాడాలె బిడ్డా? తప్పైతే నన్ను తిట్టకు" అంది. ప్రీతి రవ్వ తడిపి మృదంగానికి అతికిస్తూ, తలెత్తకుండానే, "మైత్రిల పాడేది పాడు. నాకోసం చూడకు. నీ ఇష్టమున్నట్టు పాడు" అంది.

నిజంగానే తన ఇష్టమున్నట్టే పాడింది చిన్నవ్వ. కోతల పండుగకు చర్చిలో పాడే పాట ఎత్తుకుంది. ఒక చోట సాగదీసింది, ఒక చోట ఊపిరి చాలక సగంలో మింగింది, దగ్గు వచ్చి ఆగింది, నీళ్లు అడిగి తాగి, ఆపిన చోట కాకుండా ఇంకో చోట అందుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి పక్క షెడ్డులో సాంచెలు ఒక్కసారిగా మొదలయ్యాయి, గోడలు అదిరాయి. ప్రీతి చేతులు బాపమ్మను వదల్లేదు. ఆమె ఆగితే ఆగాయి, తూలితే పట్టుకున్నాయి. చివర ఒంటరిగా వాయించాల్సిన తని ఆవర్తనం వచ్చేసరికి పొద్దటి నుంచి ఉన్న కోపమంతా వేళ్లలోకి దిగింది. ముగింపు వేసి చేతులు ఎత్తేసరికి మేడం తనకు తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నారు.

"మృదంగం చాలా బాగుంది. డిస్టింక్షన్" అన్నారు ఆవిడ.

ఇక గాత్రం. వినోద్ మృదంగం అందుకున్నాడు. ప్రీతి వర్ణం ఎత్తుకుంది. శ్రుతి రెండు మెట్లు దించుకుంది, అయినా పైకి పోయేచోట గొంతు పలకలేదు. అనుపల్లవి సగంలో పూర్తిగా తెగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ తెగింది. మూడోసారి నోరు తెరిస్తే మేడం చెయ్యి ఎత్తి ఆపేశారు. "ఈ గొంతుకు నేను మార్కులు వేయలేనమ్మా. ఏమైంది?"

ప్రీతి గుసగుసగా అంతా చెప్పింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి. సారు కళ్లు మెరిశాయి. లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "ఉద్యమం కోసం గొంతు ధారపోశావు. ధన్యురాలివి తల్లీ. చరిత్ర నిన్ను మరిచిపోదు."

"ధన్యురాలినైతే పాస్ చెయ్యుండ్రి సార్."

సారు చెయ్యి తీసేశారు. "అదెలా కుదురుతుంది? షరతు షరతే. గాత్రం పోయింది, మృదంగం నిలిచింది. మేడం, రాసేయండి. అయినా ఏం ప్రీతీ, రెండూ నాకేనంటే ఇలాగే ఉంటుంది. ఎవరికైనా చివరికి ఒక్కటే దక్కేది."

"ఒక్కటే ఉంటే ఇయ్యాల నాకేం మిగిలేది సార్?"

ఆయన వాచీ చూసుకున్నారు. శిబిరం నుంచి పిలుపు వచ్చింది, టెంటులో జనం నిండిపోయారట, కళాకారులెవరైనా ఉంటే పంపమంటున్నారట. ఆయన కండువా సర్దుకుని, ఏమీ జరగనట్టే, ప్రీతి వైపు తిరిగి అన్నారు చూడండి, "రా అమ్మా, ఒక్క పాట పాడి పో. జనం ఎదురు చూస్తున్నారు."

మీరే చెప్పండి, ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? ఇందాక గొంతు లేదన్నది ఈయనే. ఇప్పుడు గొంతు కావాలన్నదీ ఈయనే. ప్రీతి మృదంగం ఎత్తుకుని రోడ్డు దాటింది. వెనకాల చిన్నవ్వ, ఆ వెనక మేడం, లతీఫుద్దీన్, అందరూ వచ్చారు.

టెంటు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కరెంటు మళ్లీ పోయి మైకు పలకడం లేదు. పక్కనే టైరు కాలుతోంది. సారు ప్రీతిని చూపించి, మన బిడ్డ పాడుతుందని చెప్పారు. చప్పట్లు మోగాయి. ప్రీతి టెంటులో కింద కూర్చుని మృదంగం ఒళ్లోకి తీసుకుంది. ఒక కుర్రాడు అలవాటుగా దాని కోసం చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్" అంది. ఆ బొంగురు గొంతుకే వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు గొంతు లేదు. సారు ఇప్పుడే చెప్పిండు. సారు పాడుతడు, నేను వాయిస్త."

జనానికి ఎవరైతేనేం? "సారు పాడాలె! సారు పాడాలె!" అని అందుకున్నారు. ఆయన మొహమాటంగా నవ్వి, కాదనలేక, గొంతు సవరించుకుని ఉద్యమ పాట ఒకటి ఎత్తుకున్నారు. ప్రీతి వాయించింది. పాట అయిపోయింది, ఆయన నమస్కారం పెట్టబోయారు. ప్రీతి దరువు ఆపలేదు. దరువు ఆగకపోతే జనం ఎలా ఊరుకుంటారు? "ఇంకోటి!" అన్నారు. ఇంకోటి పాడారు. దరువు ఆగలేదు. "సారూ, ఇనవడ్తలేదు, గట్టిగ!" అని వెనక నుంచి కేకలు. ఆయన గట్టిగా పాడారు. పొగ ఆయన మీదికే వస్తోంది. మూడో పాటలో దగ్గారు. నాలుగో పాటలో పైస్థాయికి పోయి జారారు. ఆయన ప్రీతి వైపు చూసి, చాలు అన్నట్టు చెయ్యి ఊపారు.

"ఆపవే బిడ్డా, పాపం" అంది పక్కన చిన్నవ్వ.

"ఆపను."

చేతులు జోడించి అడుగుతున్నారు జనం. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి ఆయన చేతులు పట్టుకుని, ఇంకొక్కటి బిడ్డా అంది. సారు పాడారు. పొమ్మనలేక పాడారు. చరణం మధ్యలో ఆయన గొంతు తెగింది. జనం అది బాధ అనుకుని మరీ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఆపింది ప్రీతి. మృదంగం పక్కన పెట్టి లేచి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. అందరూ వినేలా చెప్పే గొంతు ఆమెకు లేదు. ఆయనా, పక్కనున్న మేడమూ వింటే చాలు.

"ఇప్పుడు పోయి గాత్రం పరీక్ష ఇయ్యుండ్రి సార్."

మేడం సారు మొహంలోకి చూశారు. చేతిలోని మార్కుల కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకున్నారు. "ఈ అమ్మాయికి గాత్రం పరీక్ష ఇంకా కాలేదు. గొంతు వచ్చాక నేనే జగిత్యాల వచ్చి పెడతాను" అన్నారు.

షరతు ఉంది కదా, కుదరదని చెప్పడానికి సారు నోరు తెరిచారు. గొంతు రాలేదు.